విశ్రాంతి ప్రదాతకు సన్మాన పత్రం

(అంతర్జాతీయ నర్సుల దినోత్సవం నాడు, హైదరాబాదులోని ఒక కార్పొరేట్ ఆసుపత్రి యాజమాన్యం వారికి అక్కడి స్టాఫ్ నర్సులు భక్తితో సమర్పించుకున్నది)

మహాశయా!

మే 12 వచ్చిందంటే ఏటా తమరే మమ్మల్ని సత్కరిస్తారు. వేదిక మీద ఫ్లోరెన్స్ నైటింగేల్ పటం, మా చేతుల్లో కొవ్వొత్తులు, ప్రతిజ్ఞ, కేకు, గ్రూప్ ఫోటో, తలా ఒక స్టీలు వాటర్ బాటిల్. నీళ్లు తాగడానికి తీరిక కూడా ఇస్తే బాటిల్ విలువ తగ్గిపోతుందని తమరు ముందే గ్రహించారు. ఇన్నేళ్లూ పుచ్చుకోవడమే గానీ ఇచ్చుకున్నది లేదని మాకు లోలోపల బెంగ. అందుకని ఈ ఏడు సన్మానం మా వంతు. మేము బర్నౌట్ కాకుండా, దొరికిన సెలవును చేజేతులా పాడుచేసుకోకుండా తమరు అనుక్షణం తీసుకుంటున్న శ్రద్ధను నలుగురికీ చాటడం మా ధర్మం.

సంఖ్యాశాస్త్ర పారంగతా!

మన దేశంలో నర్సింగ్ కౌన్సిల్ అని ఒకటి ఉండి, బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు ఉండాలని కొలతలు రాసింది. పాపం, వాళ్లకు మా శక్తి తెలియదు. తమరికి తెలుసు. అందుకే రాత్రిపూట వార్డుకు ఇద్దర్ని వేసి, ఆ ఇద్దరిలో ఒకరిని పదకొండింటికి క్యాజువాలిటీకి పంపిస్తారు. మిగిలిన మనిషికి పన్నెండో బెడ్డు నుంచి "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అని కేక. నాలుగో బెడ్డు పెద్దాయనకు షుగర్ పడిపోయి చెమటలు. తలుపు దగ్గర స్ట్రెచర్ మీద కొత్త అడ్మిషన్. ఈ మూడింటి మధ్య ఫోన్ మోగితే అది బిల్లింగ్ కౌంటర్: తొమ్మిదో బెడ్డుకు వాడిన గ్లవుజుల లెక్క ఇంకా ఎక్కించలేదట. మనిషి ఒకేసారి ఎన్ని చోట్ల ఉండగలదో పరీక్షించిన వారు పురాణాల్లో కూడా తక్కువ.

అమెరికాలో లిండా ఐకెన్ అనే పరిశోధకురాలు పనిలేక పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల వివరాలు పోగేసి, 2002లో అచ్చువేసింది. ఒక నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం, ఆ నర్సు బర్నౌట్ అయ్యే అవకాశం 23 శాతం పెరుగుతాయట. కాలిఫోర్నియా వాళ్లైతే 2004 నుంచి నర్సుకు ఇంతమందే రోగులని చట్టం అమల్లో పెట్టారు. అలాంటి పిరికితనం తమరి దగ్గర చెల్లదు. ఒక రోగి అదనం అన్నది వాళ్ల భయం. తమరి నిఘంటువులో దాని పేరు ఆక్యుపెన్సీ.

నైటింగేల్ తల్లి చేతికి దీపం ఒక్కటే ఇచ్చి నిలబెట్టడంలోనూ తమరి వివేకం ఉంది. క్రిమియా యుద్ధం నుంచి వచ్చాక ఆవిడ చేసిన పెద్ద పని లెక్కలు కట్టడం. సైనికుల్లో గాయాలతో పోయినవాళ్ల కంటే నివారించదగిన జబ్బులతో పోయినవాళ్లే ఎక్కువని నెలవారీగా రంగుల బొమ్మ గీసి, సర్కారు ముఖాన పెట్టింది. ఆ పని అయ్యేసరికి ఆరోగ్యం చెడి, ఏళ్ల తరబడి మంచానికే అతుక్కుపోయింది. పటంలో దీపానికి బదులు ఆ లెక్కల బొమ్మ ఉంటే మాకు కూడా లెక్కలు అడగాలన్న దుర్బుద్ధి పుట్టేది. మంచం ఉంటే మరీ ప్రమాదం. దీపమైతే ఏ బాధా లేదు. చూసి దణ్ణం పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోతాం.

నిశాసామ్రాజ్య చక్రవర్తీ!

లక్ష్మణస్వామి పద్నాలుగేళ్లు కన్ను మూయలేదంటే, ఆయన వాటా నిద్ర అయోధ్యలో ఊర్మిళాదేవి పోయింది కాబట్టి చెల్లింది. మరి మా ఊర్మిళ ఎవరా అని ఇన్నాళ్లూ అనుకున్నాం. రాత్రి రెండింటికి వెంటిలేటర్ బెడ్డు ఖాళీ లేదని చెప్పడానికి తమరి నంబరుకు ఫోన్ చేసినప్పుడు తెలిసింది. మా వాటా తమరే పోతున్నారు.

తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా మనిషి ఒంట్లో చురుకు అడుగంటుతుంది. మా చార్టు ప్రకారం ఆరింటి యాంటీబయాటిక్ కలపడానికి, ఇన్సులిన్ యూనిట్లు చూసుకోవడానికి, రక్తం శాంపిళ్లు తీయడానికి, ఇన్‌టేక్ అవుట్‌పుట్ కూడడానికి సిద్ధపడవలసిందీ సరిగ్గా అప్పుడే. కునుకు మీద గెలుపు సాధించడానికి ఇంతకంటే మంచి ముహూర్తం ఏ పంచాంగకర్తా పెట్టలేడు. రాత్రి షిఫ్టు పనిని క్యాన్సర్‌కు బహుశా కారణం కాగలవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లో ఒకసారి, 2019లో మరోసారి చేర్చింది. అయినా తమరు జంకలేదు. మా ఆరోగ్యం మీద మాకంటే తమరికే ధైర్యం ఎక్కువ.

నైట్ దిగినవాళ్లను ఎనిమిదింటికే వదిలేస్తే ఎండలో ఏం చేస్తారో అని తమరికి దిగులు. అందుకే హ్యాండోవర్ అయ్యాక తొమ్మిదింటికి చేతులు కడుక్కునే పద్ధతి మీద క్లాసు పెట్టించారు. పాఠం చెప్పే ఆమె రాత్రంతా ఇంట్లో పడుకుని వచ్చింది కాబట్టి చాలా ఉత్సాహంగా చెబుతుంది. క్లాసు అయ్యాక స్కూటీ మీద ఇంటికి వెళ్లేటప్పుడు సిగ్నల్ దగ్గర కళ్లు మూతలు పడితే, వెనకవాడి హారన్ లేపుతుంది. నగరం కూడా తమరికి సహకరిస్తోంది.

షిఫ్టులు మార్నింగ్ నుంచి ఈవినింగ్‌కు, ఈవినింగ్ నుంచి నైట్‌కు ముందుకు జరిగితే ఒంటికి తేలిక అంటారు. తేలికైన పని ఎవరైనా చేస్తారు. మా డ్యూటీ చార్టు వెనక్కీ ముందుకీ, పక్కలకూ నడుస్తుంది. ఒక షిఫ్టుకూ ఇంకో షిఫ్టుకూ మధ్య కనీసం 12 గంటలు వదలాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో నర్సుల కోసమే సిఫారసు రాసింది. ఈవినింగ్ దిగి, చార్టులు పూర్తిచేసి, ఇల్లు చేరి, అన్నం తిని, మర్నాటి మార్నింగ్‌కు యూనిఫాం ఇస్త్రీ చేసుకునేదాకా గడిచినదాన్ని కూడా విరామంలో కలిపితే మన ఆసుపత్రిలో ఆ సిఫారసు అక్షరాలా అమలవుతోంది.

సెలవుల సంరక్షకా!

సెలవు విలువైనది. విలువైనదాన్ని వాడితే అరిగిపోతుంది. అందుకే తమరు మా సెలవులను బీరువాలో పెట్టి కాపాడతారు. డిసెంబరు 31 రాత్రి పన్నెండింటికి వాటంతట అవే మురిగిపోయేదాకా ఎవరినీ ముట్టనివ్వరు. డబుల్ డ్యూటీకి బదులు ఇస్తానన్న కాంప్ ఆఫ్‌లైతే ఇంకా భద్రం. అవి కాగితం మీద కూడా లేవు.

అయినా సెలవు అడిగితే తమరు కాదన్న పాపాన పోలేదు. "తప్పకుండా తీసుకోమ్మా, నీ బదులు ఎవరొస్తారో నువ్వే చూసుకో" అంటారు. ఎంత మెత్తని మాట! అక్కడి నుంచి మా బతిమాలుకోవడం మొదలు. పెళ్లిచూపులున్న పిల్లకు ఆఫ్ కావాలి. ఆ ఆదివారం రావాల్సిన ఆమెకు కొడుకు పుట్టినరోజు. ఇంకో ఆమె తల్లికి డయాలిసిస్. చివరికి ఎవరో ఒకరు ఒప్పుకుంటారు, లేదా ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే నెల్లాళ్లు మాటలుండవు. తమరి మీద మాత్రం ఎవరికీ కోపం రాదు. సెలవు కాదన్నది స్నేహితురాలు కదా! సెలవులూ జబ్బులూ వస్తాయని ముందే లెక్కగట్టి, ఉండాల్సినవాళ్ల మీద 30 శాతం అదనంగా నియమించుకోవాలని ఆ నర్సింగ్ కౌన్సిల్ వారే రాశారు. ఆ పని చేసి ఉంటే మేము ఒకరికొకరం ఇంత బాగా తెలిసేవాళ్లం కాదు.

ఇచ్చేటప్పుడు కూడా ఒక్క రోజే ఇస్తారు. అది ఆకలితో ఉన్నవాడికి పూటకో మెతుకు వడ్డించినంత పొదుపు. నైట్ల తర్వాత వచ్చే ఆ ఒక్క ఆఫ్‌లో సగం నిద్రకు, సగం బట్టలకు, దోసెల పిండికి పోతుంది. మే నెలైతే ఆవకాయ ముక్కలు తుడవడానికి మనిషి కావాలి. మిగిలిన సమయంలో బంధువులు వాట్సాప్‌లో రిపోర్టులు పంపి క్రియాటినిన్ ఎంతుంటే భయపడాలో అడుగుతారు. పక్కింటి మామ్మగారికి బీపీ చూడాలి. ఎదురింటివాళ్ల బాబుకు నెబ్యులైజర్ పట్టడం రావడం లేదు. ఇవన్నీ అయ్యి ఇంకా ఖాళీ మిగిలిపోతే మేము ఒంటరితనంతో కుంగిపోతామని తమరు ఎరుగుదురు. సాయంత్రానికి ఫోన్ వస్తుంది: "సిస్టర్, ఒక్కరు తక్కువయ్యారు, ఒక్క నాలుగు గంటలు వచ్చిపోతారా?" ఆ "ఒక్క" అన్న మాటలో ఎంత ఆప్యాయత! నాలుగు గంటలు అని చెప్పి ఉదయం దాకా ఉంచుకోవడంలో మరెంత ఆప్యాయత!

యోగవిద్యా గురూత్తమా!

బర్నౌట్ అంటే ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో రాసి పెట్టింది. అది జబ్బు కాదట. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగా సంబాళించకపోవడం వల్ల పుట్టే స్థితి అట. సత్తువ ఉడిగిపోవడం, చేసే పని మీద మనసు విరిగి ఎడంగా జరగడం, చేతనైన పని కూడా చేతకానట్టు అనిపించడం అని మూడు గుర్తులు చెప్పారు. ఈ మాటను ఉద్యోగానికే వాడాలి, జీవితంలోని మిగతా సంగతులకు వాడకూడదని కూడా రాశారు.

ఈ తప్పును సరిదిద్దిన కీర్తి తమరిది. జబ్బు వార్డులో పుట్టినా మందు మా ఇంట్లోనే ఉందని తమరు కనిపెట్టారు. ఉదయం ఐదింటికి లేచి ప్రాణాయామం, ఆకుకూరలు, ఒక హాబీ, కృతజ్ఞతల డైరీ. ఈ విషయం మీద ఆడిటోరియంలో మధ్యాహ్నం మూడింటికి వర్క్‌షాపు పెట్టించారు. హాజరు తప్పనిసరి, బయోమెట్రిక్ ఉంది. నైట్ దిగినవాళ్లు, ఆఫ్‌లో ఉన్నవాళ్లు కూడా ఊరవతల నుంచి రెండు బస్సులు మారి వచ్చి, విశ్రాంతి ఎంత అవసరమో నేర్చుకున్నారు. శవాసనం వేయించినప్పుడు మాలో చాలామంది లేవలేదు. అంత బాగా కుదిరిందని వక్త మురిసిపోయాడు. ఆసనం కుదరలేదు మహాశయా, అది నిద్ర. ఆయన ఆనందాన్ని చెడగొట్టడం ఇష్టంలేక మేమెవరం చెప్పలేదు.

ఆ వర్క్‌షాపు తర్వాత మాకు గొప్ప మేలు జరిగింది. అంతకుముందు అలసట వస్తే మనుషులు చాలడం లేదేమో అనుకునేవాళ్లం. ఇప్పుడు ప్రాణాయామం చాలలేదని అర్థమవుతోంది. అలసటకు తోడు సిగ్గు కూడా కలిసింది. సిగ్గుపడేవాళ్లు ఫిర్యాదు చేయరు.

నామకరణ చతురా!

మనుషులను పెంచడానికి ఖర్చవుతుంది, పేర్లు పెంచడానికి కాదు. ఈ రహస్యం సర్కారువారికీ తెలుసు. తెలంగాణలో 2023లో స్టాఫ్ నర్సులు నర్సింగ్ ఆఫీసర్లయ్యారు. బిరుదును గౌరవించి తీరాలి. రాత్రి బెడ్‌పాన్ అందించడానికి ఆయా లేనప్పుడు ఆఫీసరే అందించడం అంతకంటే గౌరవం. తమరు ఇంకో మెట్టు పైకి వెళ్లి మమ్మల్ని వారియర్లు, ఏంజెల్స్, తల్లులు అన్నారు. యోధులు అలిశామనరు, దేవదూతలకు ఆకలి ఉండదు, తల్లులు జీతం అడగరు.

2020ని ప్రపంచమంతా నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా జరుపుకుంది. నైటింగేల్ పుట్టి రెండు వందల ఏళ్లు. ఆ మార్చి 22 సాయంత్రం ఐదింటికి దేశమంతా చప్పట్లు, పళ్లేల మోత. మే 3న సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి మీద వైమానిక దళం హెలికాప్టర్ పూలు చల్లింది. పీపీఈ కిట్లలో చెమటలు కారుతున్నవాళ్ల మీద పడ్డ ఆ పూలరేకులు చరిత్రలో నిలుస్తాయి. ఊడ్చింది మాత్రం కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులు.

జీతం విషయంలో తమరి స్థితప్రజ్ఞత గురించి రెండు మాటలు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలలోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫారసు చేసింది. ఆ కాగితం చూసి తమరు పొంగలేదు, కుంగలేదు, కదలలేదు. జీతం చాలక మాలో కొందరు ఆఫ్ రోజున ఇంకో నర్సింగ్ హోంలో డ్యూటీ చేస్తున్నారు. సెలవును సద్వినియోగం చేసుకోవడం అంటే అదే కదా!

విదేశయాన ప్రోత్సాహకా!

మాకు హాబీ ఉండాలని తమరన్నారు. మాలో చాలామందికి ఒకటే హాబీ కుదిరింది, జర్మన్ భాష. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మనీకి నర్సులను తయారుచేసి పంపుతోంది. రెండు షిఫ్టుల మధ్య బస్సులో కూర్చుని డెర్, డీ, దాస్ వల్లెవేస్తున్న పిల్లను చూస్తే కడుపు నిండుతుంది. ఆ దేశంలో ఏడాదికి ఇన్ని వారాలు జీతంతో సెలవు అని చట్టంలోనే ఉందని, సెలవులో ఉన్నవాళ్లకు ఆసుపత్రి ఫోన్ చేస్తే వింతగా చూస్తారని విన్నప్పుడు ఆ పిల్లకు వ్యాకరణం ఇంకా బాగా ఎక్కుతుంది. ఒక్క రూపాయి ఫీజు పుచ్చుకోకుండా ఇంతమందికి విదేశీ భాష మీద ప్రేమ పుట్టించిన ఘనత తమరి డ్యూటీ చార్టుకే దక్కాలి. వెళ్లేటప్పుడు సర్టిఫికెట్లు తిరిగివ్వడానికి తమరు తటపటాయించడం కూడా మమ్మల్ని విడిచి ఉండలేకేనని మాకు తెలుసు.

సర్వాంతర్యామీ!

ఇంతటి పాలనలోనూ కొందరు దారి తప్పుతున్నారు. పేర్లు చెప్పం. నేరాలు మాత్రం విన్నవించుకోక తప్పదు.

ఒకామె నైట్‌కు వచ్చే ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకుని వస్తోంది. టీ తాగితే రాత్రి రెండింటిలోపే తాగి ఆపుతోంది. పొద్దున ఇంటికెళ్లి కిటికీకి నల్ల దుప్పటి కట్టి, ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేస్తోంది. ప్రాణం మీదకొస్తే తలుపు తట్టమని పక్కింటివాళ్లకు మాత్రం చెప్పి పెట్టిందట. ఇంకొకామె అత్తగారిని కూర్చోబెట్టి, "నైట్ చేసిన రోజు నాకు పొద్దున్నే అర్ధరాత్రి, అత్తయ్యా. అర్ధరాత్రి మీరు ఎవరినైనా పప్పు రుబ్బమంటారా?" అని అడిగింది. అత్తగారు తనే రుబ్బుకుంటోంది. ఇది కుటుంబ వ్యవస్థకే ముప్పు.

ఇద్దరు స్నేహితురాళ్లు కుట్రపన్ని, ఒకరి ఆఫ్ ఒకరికి కలిపి, నెలకు ఒకసారి చెరో రెండు రోజులు వరసగా వచ్చేట్టు రాసుకుని, ఇన్‌ఛార్జి సిస్టర్ సంతకం కూడా తీసుకున్నారు. మొదటి రోజు నిద్రకు, రెండో రోజు బతకడానికట. మరొకామె జూలైలోనే సంక్రాంతికి ఈ.ఎల్. రాసి, అందినట్టు ముద్ర వేయించుకుని, కాగితం నకలు దగ్గర పెట్టుకుంది. ఒకామె ఆఫ్ రోజున ఏమీ చేయలేదు. హాబీ లేదు, కోర్సు లేదు, సెల్ఫీ లేదు. బస్సెక్కి నాగార్జునసాగర్ వెళ్లి, గట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు తిని వచ్చింది. ఎందుకెళ్లావంటే ఊరికే అంది. "ఊరికే" అనేంత నిర్భయం మన సంస్థలోకి ఎలా చొరబడిందో విచారణ జరిపించాలి.

పిల్లల వార్డులో ఒక పాప పోయిన రోజు, డ్యూటీ దిగినవాళ్లు వెంటనే వెళ్లిపోకుండా బట్టలు మార్చుకునే గదిలో తలుపేసుకుని కూర్చున్నారు. ఎవరు ఏ సమయానికి ఏం చేశారో, ఇంకేమైనా చేయగలిగేవాళ్లమా అని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఏడ్చారు. సీనియర్ సిస్టర్ కొత్త పిల్లతో "నీ తప్పేం లేదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. ఏ వర్క్‌షాపులోనూ నేర్పని పద్ధతి ఇది. మర్నాడు ఆ పిల్ల డ్యూటీకి వచ్చింది, రాజీనామా ఇవ్వలేదు. దీనికి తమరి అనుమతి లేదన్న సంగతి మాకు తెలుసు.

అన్నిటికంటే పెద్ద అపచారం ఒక ఇన్‌ఛార్జి సిస్టర్‌ది. ఆఫ్‌లో ఉన్నవాళ్లను పిలిపించమని తమరి ఆఫీసు చెప్పినప్పుడల్లా, ఆమె రిసీవర్ పక్కన పెట్టి, కాసేపు కేసు షీట్లు సర్దుకుని, "ఫోన్ ఎత్తడం లేదండీ" అని చెబుతోంది. అసలు నంబరే నొక్కడం లేదు.

కారుణ్యమూర్తీ!

ఈ శాలువా, జ్ఞాపిక, ఈ పత్రం స్వీకరించండి. శాలువా ఏసీ గదిలో పనికొస్తుంది. దండలో మల్లెలు రాత్రి డ్యూటీవాళ్లు తెల్లవారుజామున మేలుకొని ఉండటానికి కూర్చినవి. కిందటేడు ఎవరెవరు బర్నౌట్ అయి మానేశారో హెచ్.ఆర్. వారి దగ్గర జాబితా ఉంది. అందులో కారణం అన్న గడిలో అందరికీ "వ్యక్తిగతం" అనే ఉంది. ఆ ఒక్క మాట కనిపెట్టినందుకైనా తమరికి ఈ సన్మానం తగినదే.

ఇట్లు,
డ్యూటీలో ఉన్నవారు, డ్యూటీ దిగి కూడా ఇక్కడే ఉన్నవారు, ఆఫ్‌లో ఉండి పిలిస్తే వచ్చినవారు.

మనవి: కింది సంతకాల్లో ఒకటి తక్కువ ఉంది. ఆమె నైట్ దిగి ఇంట్లో పడుకుంది. సభకు అందరూ ఉండాలని, లేపి రప్పించమని తమరి ఆఫీసు నుంచి కబురొచ్చింది. మేము లేపలేదు, ఇకమీదట ఎవరినీ లేపం. ఆ గడి ఖాళీగా ఉండటం తమరికి బాగాలేకపోతే నింపే మార్గం ఒకటుంది. దానికి మా సంతకం చాలదు, తమరిది కావాలి. అదనపు నర్సుల నియామకం ఫైలు ఏడాదిగా తమరి బల్ల మీదే ఉంది.